మజీదా తలస్నానం

ఎల్లమ్మ నీళ్లను మణికట్టు మీద పోసుకుని చూసింది. వేడి సరిపోయింది. పెళ్లికి వెళ్లబోయే పిల్ల కళ్లు మూసుకుని, జుట్టంతా పార్లర్ సింకులోకి వదిలేసి ఎదురుచూస్తోంది. ఎల్లమ్మ వేళ్లు వాటంతటవే కణతల దగ్గర మొదలుపెట్టి మాడు మీదికి పాకాయి. ఏళ్ల తరబడి నీళ్లలో నాని ఆ వేళ్ల కొసలు తెల్లబడి, గీతలు చెరిగిపోయాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడక ప్రతిసారీ లొల్లే.

ఇవాళ మాత్రం ఆమె మనసు ఈ తల మీద లేదు. పొద్దున యాకుత్‌పురా గల్లీలో, తన పక్కింటి గడపలో కూర్చున్న మజీదా మీదే ఉంది.

"ఎల్లమ్మా, ఇయ్యాల జర నా నెత్తి కడుగుతవా? చేతులు లేపితే దమ్ము ఆడ్తలేదు. రేపు శుక్రారం, జుమ్మా. గీ జిడ్డు నెత్తితోని నమాజ్ ఎట్ల సదవాలె?" అంది మజీదా.

"గిప్పుడే కడుగుదును గని, ఆలస్యమైతే మా మేడమ్ మొకం మాడ్చుకుంటది. పొద్దుమీకి వచ్చి కడుగుత. మంచి షాంపూ తెస్త, బేగం లెక్క తయారు చేస్త సూడు."

"బేగం గీగం ఏం వద్దు. కిరాణ దుకాన్ల ప్యాకెట్ చాలు. నువ్వు జల్ది రా, అంతే."

గుండె జబ్బుతో ఆసుపత్రిలో పడుకుని వచ్చాక మజీదా తల నీళ్లు చూడలేదు. లాడ్ బజార్ దుకాణాల కోసం గాజులకు రాళ్లు అతికించిన చేతులు ఇప్పుడు దువ్వెన ఎత్తడానికే వణుకుతున్నాయి. ఆ చేతులు ఎల్లమ్మకు తెలుసు. ఆటో నడిపే భర్త వైకుంఠం ఒకనాడు ఇంటికి శవమై వచ్చాక, ఎల్లమ్మ తన తలను తానే మరిచిపోయింది. జుట్టు జడలు కట్టింది. కత్తిరించెయ్యమన్నారు అందరూ. మజీదా ఒప్పుకోలేదు. రోజూ గాజుల పని కాగానే ఎల్లమ్మను ముందు కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క చిక్కే విడదీసింది. ఆ తలతోనే ఎల్లమ్మ సైదాబాద్‌కు వచ్చి ఈ పార్లర్లో పనికి కుదిరింది.

మధ్యాహ్నం సందు చూసి యజమాని రాగసుధను అడిగింది. "మేడమ్, జబ్బు చేసిన నెత్తికి ఏది మంచిగుంటది?"

"మనదే తీసుకో ఎల్లమ్మా. సూపర్‌మార్కెట్ సరుకంతా నురగే కదా! దాంతో కడిగితే జుట్టు చీపురుపుల్లలు అయిపోద్ది," అంది రాగసుధ అద్దాల బీరువా వైపు చూపిస్తూ.

ఆమె అటు వెళ్లగానే, జుట్టు కత్తిరించే క్రాంతి కిసుక్కున నవ్వింది. "మేడమ్ ఇంట్ల వాడేది సూపర్‌మార్కెట్‌దే అక్కా! నేను నా కండ్లతోని చూసిన. మనకు చెప్పేటియే నీతులు."

ఆ మాట ఎల్లమ్మ మనసులో ముల్లులా దిగింది. చిన్న విషయానికి కూడా వెయ్యి ఆలోచనలు ఆమెకు. కూరగాయలు కొన్నా ఇంటికొచ్చాక పక్క బండివే బాగున్నాయేమోనని కుములుతుంది.

పని ముగిశాక సూపర్‌మార్కెట్‌కు వెళ్లింది. గోడ పొడుగునా సీసాలు. బాదం బొమ్మది ఒకటి, ఉల్లిపాయ బొమ్మది ఒకటి, కలబంద బొమ్మది ఒకటి. ఒక్కొక్క మూతా తెరిచి వాసన చూసింది. ఒకటి ఘాటు, ఇంకొకటి మరీ ఆసుపత్రి వాసన. మజీదాకు ఆ వాసన మళ్లీ ఎందుకు? చివరికి బాదం సీసా పట్టుకుని వరసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి కాళ్లు వెనక్కి లాగాయి. జీవితమంతా ఆ మనిషికి అగ్గువదే దొరికింది, ఇయ్యాల కూడా అగ్గువదేనా? సీసాను తిరిగి గూట్లో పెట్టేసి, వచ్చిన దారినే పార్లర్‌కు నడిచింది. రాగసుధ షట్టర్ దించుతుండగా బతిమాలి, బీరువాలోని ఖరీదైన సీసా తీయించుకుంది.

ఇంటికి ఎక్కిన ఆటో, బండ్ల మధ్య ఇరుక్కుంది. ఎల్లమ్మ సీసాను ఒళ్లో పెట్టుకుని, ముందు నూనె రాయాలా, చిక్కు తీయాలా అని ఆలోచిస్తూ కూర్చుంది. పార్లర్ నియమం ప్రకారం నోరు మూయించిన ఫోన్ సంచిలో అలాగే ఉంది.

మజీదా గుమ్మం ముందు చెప్పులు. అన్నీ ఆడవాళ్ల చెప్పులు.

మజీదా కూతురు తహ్రీమ్ ఎదురొచ్చి పట్టుకుంది. "ఖాలా, మస్తు సార్లు ఫోన్ చేసిన. పొద్దుగూకంగ, మగ్రిబ్ అజాన్‌కు ముందు, కూసున్న కాడ్నే ఒరిగింది. ఎల్లమ్మ వచ్చిందా, ఎల్లమ్మ వచ్చిందా అని ఒకటే అడిగింది."

తాను మూతలు తెరిచి వాసన చూస్తున్న వేళ అది.

లోపలి గదికి తెర కట్టి ఉంది. తెర తొలగించి ఒక ముసలామె తొంగిచూసింది. ఆఖరి స్నానం చేయించే మనిషి. "నెత్తికి ఏమన్నా ఉన్నదా బేటీ?" అని తహ్రీమ్‌ను అడిగింది.

ఎల్లమ్మ సీసా అందించింది. "నేను జర చెయ్యేస్త అమ్మా. నా పనే గిది."

ముసలామె తడి చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. "గిది మావాళ్లే చెయ్యాలె అమ్మా. ఫికర్ చెయ్యకు, మెల్లగనే చేస్త."

"నీళ్లు మరీ వేడిగ పొయ్యకుండ్రి. చెవుల ఎనక జర పైలం."

తెర మూసుకుంది. ఎల్లమ్మ గోడకు ఆనుకుని నీళ్ల చప్పుడు విన్నది. కాసేపటికి గదిలోంచి ఆ షాంపూ వాసన, పార్లర్లో పెళ్లికూతుళ్ల తలల వాసన వచ్చింది. ఊళ్లోవాళ్ల తలలన్నీ కడిగిన చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి.

మగవాళ్లు మజీదాను భుజాలకెత్తుకుని తీసుకుపోయాక ఇల్లు బోసిపోయింది. ఎల్లమ్మ మొహం కడుక్కుందామని వెనక వాకిట్లోకి వెళ్లి ఆగిపోయింది.

తహ్రీమ్ వెనకాలే వచ్చింది. "మధ్యాహ్నమే నాతోని పెట్టిచ్చింది ఖాలా. పార్లర్ల గిట్లనే ఎనక్కి వాలి కూసుంటరంట గద. దినమంత వంగి వంగి వస్తది, ఎల్లమ్మ నడుము నొయ్యద్దన్నది."

కుళాయి పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, ముందు కాళ్ల కింద చెరో ఇటుకతో వెనక్కి వాలి ఉంది. దాని వీపు మీద మడతపెట్టిన తువ్వాలు, ఇంకా పొడిగానే.