పసుపురెక్క తోక కోసిన కత్తెర

నేను ఒక కత్తెరని. చిటికెన వేలంత ఉంటాను, కానీ ఒకప్పుడు రాజమండ్రిలో నా నోటికి భయపడని మీసం లేదు! ఆ సెలూన్ మూతపడ్డాక వకుళ చేతికొచ్చాను. ఆవిడ చేపల మీద పరిశోధన చేస్తుంది. మీసాలు పోయి తోకలొచ్చాయి, అదీ నా యోగం.

రంపచోడవరం కొండల్లో ఒక ఏట్లో పసుపురెక్క అనే చేప అంతరించిపోతోందట. వలలో పడ్డప్పుడల్లా తోక అంచున నాతో గోరంత ముక్క కోసి, స్పిరిట్ సీసాలో వేసుకుని, చేపని నీళ్ళలో వదిలేసేది. ఆ ముక్కలో జన్యు గుర్తులు చూస్తే ఏది దేనికి చుట్టమో తెలుస్తుందట. చుట్టరికం లేని ఆడా మగా దొరికితే జతకట్టించి, ఏటిని మళ్ళీ పిల్లలతో నింపాలని ఆవిడ ఆశ. తాము మేనరికాలు చేసుకుంటూ చేపలకి మాత్రం వద్దంటారు, ఏం మనుషులో!

ఏ మడుగులో వల వేసినా పసుపురెక్క దొరికేది. "బోలెడున్నాయమ్మా!" అని పడవ నడిపే నూకరాజు సంబరపడేవాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించేది. ఇనుముకి ఒళ్ళేమిటంటారా? కోసినచోట కొత్తగా పెరిగిన తోక మెత్తగా ఉంటుంది. ప్రతిసారీ నా పళ్ళకి తగిలింది ఆ మెత్తదనమే. పైగా ఆ చేప గిలగిల కొట్టుకోదు. వకుళ ముఖంలోకి చూస్తూ పడుకునేది.

ల్యాబ్‌లో ఫలితాలొచ్చాయి. అన్ని సీసాల్లోనూ ఒకే గుర్తులు. తోబుట్టువులకైనా కాస్త తేడా ఉంటుంది, ఇక్కడ వెంట్రుకవాసి లేదు. ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని వకుళ మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. తోక తిరిగి పెరుగుతూ ఉంటే, ఒక్క చేపనే అన్నిసార్లూ కొత్తదనుకుని లెక్కపెట్టారన్నమాట.

మర్నాడు పడవెక్కాం. వల ఇంకా వేయనేలేదు, పసుపురెక్క తనంతట తానే వచ్చి పడవ పక్కన ఆగింది. పొట్ట నిండా గుడ్లు.

"ఎందుకొస్తోందమ్మా ఇది?" నూకరాజు తెడ్డు ఆపి అడిగాడు.

"తోడు కోసం బాబాయ్. ఏట్లో ఇంకెవరూ లేరు దానికి." వకుళ ఏడ్చేసింది. నన్ను సంచిలోంచి తియ్యనేలేదు.

చేప కాసేపు చూసింది. తర్వాత పక్కకి ఒరిగి, తోక నీళ్ళ పైకెత్తి పట్టుకుంది.