పెరాక్సైడులో అద్దం లేదు

ఆరు మార్కుల ప్రశ్నకి సున్నా వేసి, ఎర్ర సిరాతో దాని చుట్టూ గీత చుట్టి, మొత్తం కూడితే ముప్పై ఆరు వచ్చింది. పాసవ్వాలంటే నలభై రావాలి. బాలసరస్వతి మళ్ళీ మొదటి నుంచి కూడింది. ముప్పై ఆరే.

తర్వాతి పేపరు అందుకోవాలి. అందుకోలేదు. చెయ్యి ఆ సున్నా మీదే ఆగిపోయింది.

అది పంతొమ్మిది వందల ఎనభై ఆరు, మే నెల. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం పేపర్లు దిద్దడానికి రెండు జిల్లాల లెక్చరర్లని పిలిపించి గుంటూరులో ఒక కాలేజీ హాల్లో కూర్చోబెట్టారు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ, చెమట ఆరబెట్టడానికి కాదు, పేపర్లు ఎగరగొట్టడానికి. అందుకే ప్రతి బల్ల మీదా మార్టూరు గ్రానైటు ముక్క ఒకటి బరువుకి పెట్టారు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్ళిందంటే హాలు హాలంతా తుమ్ములే. ఒంటిగంటకి ఎవరి కట్ట వాళ్ళు అప్పగించాలి. కట్టకి సీలు పడిందంటే ఇక దాన్ని విప్పేవాడు లేడు. గోడ గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది.

ప్రశ్న చిన్నదే. హైడ్రోజన్ పెరాక్సైడు అణువులో సౌష్ఠవం ఎక్కడెక్కడ ఉందో చూపించి, దాని పాయింట్ గ్రూపు చెప్పాలి. కెమిస్ట్రీ చదవనివాళ్ళకి కూడా అందే సంగతే ఇది. అణువుని ఏ ఇరుసు మీద తిప్పితే అసలు తిప్పినట్టే తెలియకుండా మళ్ళీ అలాగే కూర్చుంటుందో వెతకాలి. దాని మధ్య ఎక్కడ అద్దం పెడితే ఈ పక్కది ఆ పక్కదానికి బింబంలా సరిపోతుందో వెతకాలి. దొరికినవాటిని బట్టి అణువుకి ఒక గ్రూపు పేరు వస్తుంది. ఒక ఇరుసూ, దానికి అడ్డంగా ఒక అద్దమూ ఉంటే సీ-టూ-హెచ్. అద్దం లేకుండా ఉత్త ఇరుసే ఉంటే సీ-టూ. దిద్దేవాళ్ళందరికీ పంచిన కీలో జవాబు సీ-టూ-హెచ్ అని ఉంది. వేరే గ్రూపు రాస్తే మార్కులే లేవని దాని కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి.

ఈ పేపరులో సీ-టూ అని ఉంది. కీ ప్రకారం సున్నా, అందులో తిరుగు లేదు. కానీ ఈ పిల్ల ఊరికే రాసి ఊరుకోలేదు. సరిగ్గా జవాబు పుస్తకం మధ్యలో, కుట్టు వచ్చే రెండు పేజీల మీదా కలిపి బొమ్మ గీసింది. కుట్టు పొడవునా పైన ఒక ఆక్సిజన్, కింద ఒక ఆక్సిజన్. పైదాని నుంచి ఎడమ పేజీ మీదికి ఒక హైడ్రోజన్, కిందదాని నుంచి కుడి పేజీ మీదికి ఇంకొకటి. కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసింది. దయచేసి ఈ పుస్తకాన్ని సగం మూసి చూడండి, అణువు ఉండేది ఇలా, బల్లపరుపుగా కాదు. మాకు క్లాసులో అద్దం ఉందని చెప్పారు, నేను చాలా వెతికాను, నాకు దొరకలేదు.

ఆఖరి వాక్యం చదవగానే బాలసరస్వతికి చెవులు వేడెక్కాయి. పేపరు మీద కోడు నంబరు తప్ప పేరుండదు. అయినా ఆ చేతిరాత ఎవరిదో, ఆ క్లాసు ఎవరిదో ఆమెకి తెలుసు. చీరాల కాలేజీలో పదకొండేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నది తనే. ఫిబ్రవరిలో, సిలబస్ తరుముకొస్తున్న రోజున, మగ్గం నేసే ఇంటి నుంచి వచ్చే మల్లేశ్వరి నోట్‌బుక్కు సగం తెరిచి పట్టుకుని లేచి నిలబడింది. "మేడం, అద్దం ఎక్కడ పెట్టాలో తెలియట్లేదండీ. ఇటు పెడితే పైది కిందకి రావట్లేదు, అటు పెడితే ఎడమది కుడికి రావట్లేదు" అంది. "పరీక్షలు నెత్తి మీదికొస్తే ఇప్పుడా నీ ఆటలు? కూర్చో" అని కసిరింది తను. క్లాసంతా నవ్వింది. పిల్ల కూర్చుంది గానీ వెతకడం మానలేదన్నమాట.

ఎవరి కాలేజీ పేపర్లు వాళ్ళ బల్ల మీదికి రాకూడదు. ఎక్కడో కలిసిపోయి వచ్చింది. బాలసరస్వతి అటూ ఇటూ చూసి, పుస్తకాన్ని లంబకోణం కంటే కాస్త ఎక్కువగా తెరిచి కంటికి ఎదురుగా పట్టుకుంది. రెండు పేజీల మధ్య నుంచి కుట్టు నడిమికి ఇరుసు దిగేసినట్టు ఊహించుకుని సగం తిప్పింది. పైది కిందకి, ఎడమది కుడికి చక్కగా వచ్చి కూర్చున్నాయి. ఇరుసు ఉంది. అద్దం కోసం ఎన్ని వైపులా చూసినా లేదు. ఉంటే గదా! ఈ పిల్ల తప్పితే ఒక ఏడాది పోతుంది. ఏడాది పోయిన ఆడపిల్లని మళ్ళీ కాలేజీకి పంపే ఓపిక ఆ ఇంట్లో ఉండదు. మగ్గం ముందు కూర్చోబెడతారు. అదీ సరైన జవాబు రాసినందుకు.

"మేడంగారండీ, మీ కట్ట?" అటెండరు మాబు సీలు వేసే లక్కా, కొవ్వొత్తీ పట్టుకుని వరసలో వస్తున్నాడు.

"ఒక్క పది నిమిషాలు మాబూ" అంటూ పేపరు పట్టుకుని లేచింది.

వేదిక మీద చీఫ్ ఎగ్జామినరు జానకిరామయ్యగారు కూర్చున్నారు. రెండు జిల్లాల్లో ఈ సబ్జెక్టు చెప్పేవాళ్ళలో సగం మంది ఆయన శిష్యులే. ఆయన చెప్పి రాయించిన నోట్సు పొన్నూరులో ఒకటే, ఒంగోలులో ఒకటే. కామా కూడా మారదు. బాలసరస్వతి చెప్పింది ఆ నోట్సే. ఆయన కీ రాసింది కూడా అందులోంచే.

"ఏంటమ్మా సరస్వతీ?"

"పెరాక్సైడు ప్రశ్నకి కీ తప్పండీ మాస్టారూ."

ఆయన తలెత్తలేదు. "నాలుగొందల పేపర్లు దిద్దడం అయిపోయాక ఇప్పుడా తల్లీ చెప్పడం? అది మన నోట్సులోదేగా."

"నోట్సే తప్పండీ."

ముందు బల్లలో దిద్దుతున్న లెక్చరరు రాఘవులుగారి పెన్ను ఆగింది. జానకిరామయ్యగారు కళ్ళద్దాల మీద నుంచి చూశారు. "ఎవరిదా పేపరు? నీ దగ్గర చదివిన పిల్లదా?"

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన నమ్మేవారు కూడా.

"అవునండీ. చేతిరాత గుర్తుపట్టాను."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "అయితే నువ్వు దాన్ని ముట్టుకోకూడదు. ఇటివ్వు. వేరేవాళ్ళు దిద్దుతారు, కీ ప్రకారం" అని ఆయన చెయ్యి చాపారు. ఆమె వదల్లేదు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఉన్నారు.

"మాస్టారూ, మా క్లాసులో ఇరవై ముగ్గురండీ. ఇరవై ఇద్దరు నేను చెప్పినట్టు సీ-టూ-హెచ్ అనే రాసుంటారు. కీ మారిస్తే మునిగేది నా పిల్లలే. మా పిల్లని గట్టెక్కించుకోడానికి వచ్చానంటే నాకంత తెలివితక్కువా? ఒక్కసారి చూడండి. అద్దం ఎక్కడుందో మీరే చూపించండి."

ఆమె పుస్తకాన్ని సగం తెరిచి ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. ఆయన విసుగ్గా అందుకున్నారు. ఒక పక్కకి వంచి చూశారు. స్కేలు తీసి అద్దంలా రెండు పేజీల మధ్య నిలబెట్టారు. తీసి అడ్డంగా పెట్టారు. మళ్ళీ తీశారు. కళ్ళద్దాలు విప్పి పంచె అంచుతో తుడుచుకుని పెట్టుకున్నారు. మాబు వేదిక కిందికి వచ్చి, పెద్దాయన ముఖం చూసి, కొవ్వొత్తి ఆర్పేశాడు.

"ముప్పై ఏళ్ళు" అన్నారు జానకిరామయ్యగారు చివరికి. గొంతులో కోపం ఉంది, అది ఎవరి మీదో ఆయనకే తెలియనట్టుంది. "ముప్పై ఏళ్ళలో ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అడిగిన పాపాన పోలేదు!"

ఊరుకుంటే సరిపోయేది. పని అయిపోయింది, ఆయన కరిగారు. కానీ బాలసరస్వతికి ఆ మాట ములుకులా గుచ్చుకుంది.

"నేనడిగానండీ" అంది.

"ఎప్పుడు?"

"డెబ్భైలో. బోర్డు మీద బల్లపరుపుగా గీశారు గదా, అణువు నిజంగా అట్లాగే ఉంటుందాండీ అని లేచి అడిగాను. మీరు డస్టరుతో బల్ల మీద కొట్టారు. నేను కూర్చుండిపోయాను. మళ్ళీ అడగలేదు. అడిగినవాళ్ళని నేనూ కూర్చోబెట్టాను."

ఆయన కీ కాగితం దగ్గరికి లాక్కుని, సీ-టూ-హెచ్ కొట్టేసి, పక్కన సీ-టూ అని రాసి సంతకం పెట్టారు. లేచి నిలబడి హాలంతటికీ వినపడేలా చెప్పారు. "పెరాక్సైడు ప్రశ్నకి కీలో తప్పుంది. తప్పు నాది. సీ-టూ రాసి కారణం చెప్పినవాళ్ళకి ఆరు. సీ-టూ-హెచ్ రాసినవాళ్ళకి, ఇరుసు ఉందనన్నా చెప్పారు గనక రెండు. అంతే. సీలు పడ్డవి కూడా, కట్టలన్నీ విప్పండి. మూడింటికి ఇద్దురుగాని."

హాలు మొత్తం ఒక్కసారిగా మూలిగింది. ఎండలో బస్సులు పట్టుకోవలసినవాళ్ళు బాలసరస్వతి వైపు చూసిన చూపులు వేరే చెప్పక్కర్లేదు. మల్లేశ్వరి పేపరు రాఘవులుగారి బల్లకి వెళ్ళింది. ఆయన పుస్తకం సగం మూసి, తెరిచి, అటు తిప్పి ఇటు తిప్పి, "ఓర్నీ!" అనుకుంటూ సున్నా కొట్టేసి ఆరు వేశారు. మొత్తం నలభై రెండు.

బాలసరస్వతికి కళ్ళు నిండాయి. ఎవరూ చూడకుండా కొంగుతో ఒత్తుకుంది. అంత సంతోషం తన సొంత ఎమ్మెస్సీ పాసైన రోజున కూడా కలగలేదు. తేలికపడ్డ మనసుతో తన చోటికి వచ్చి కూర్చుని, పొద్దుట దిద్దిన కట్ట విప్పింది.

అందులో పదిహేడు పేపర్లున్నాయి, అన్నీ సీ-టూ-హెచ్‌లే. మొదటి పేపరులో ఆరు కొట్టేసి రెండు వేసింది. అరవై ఒకటి కాస్తా యాభై ఏడయింది. దిద్దిన చోట సంతకం పెట్టాలి, పెట్టింది. రెండోదీ అంతే. మూడో పేపరులో ఆరు కొట్టేసి రెండు వేసి, మొత్తం మార్చబోయి ఆగింది. పొద్దుట తను వేసిన మొత్తం నలభై మూడు. ఇప్పుడది ముప్పై తొమ్మిది.

పేజీలు వెనక్కి తిప్పి ఆ జవాబు చదివింది. ఏ ఊరివాడో, ఎవరి దగ్గర చదివాడో తెలియదు. జానకిరామయ్యగారి నోట్సు అక్షరం పొల్లుపోకుండా దింపాడు. ఒక్క ముక్క కూడా సొంతంగా రాయలేదు. రాయొద్దనే కదా వీళ్ళందరికీ నేర్పింది! సంతకం కోసం పట్టుకున్న పెన్ను మూత పెట్టేసింది.

బాలసరస్వతి మళ్ళీ లేచింది. ఈసారి హాల్లో అందరూ తలెత్తి చూశారు, ఎవరో పళ్ళు కూడా నూరారు. ఆమె ఎవరినీ లెక్కచెయ్యకుండా తిన్నగా వేదిక దగ్గరికి వెళ్ళి, ఆ పేపరు జానకిరామయ్యగారి ముందు పెట్టింది.

"ఇంకా ఏంటమ్మా?" అన్నారాయన అలసటగా.

"ఈ పిల్లాడు తప్పుతున్నాడండీ మాస్టారూ" అంది. "మనం చెప్పిందే రాశాడు."