ముందే కదిలినవాడు

ఓరెస్ట్‌కు ఆట కంటే ముందే ఆట కనిపించేది. ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్ళ, ఆ పక్ ఎవరి కర్రకు చేరుతుందో, అక్కడి నుంచి ఎటు పోతుందో బెంచి చివర కూర్చుని చెప్పేసేవాడు. అంత ముందుచూపు ఉన్నవాడికి ఆ చలికాలమంతా దక్కింది మాత్రం తలుపు తీసే పని. గోలు కాసేవాళ్ళలో రెండోవాడి బతుకే అంత. అలిసి వచ్చేవాళ్ళకు బెంచి తలుపు తీయాలి, దిగేవాళ్ళ వెనక వేయాలి, ‘బాగా ఆడార్రా’ అనాలి.

జట్టు అతన్ని మర్లీన్ అనే ఆవిడ ఇంట్లో ఉంచింది. గదిలో రెండో మంచం క్లింట్‌ది. జనవరిలో ఒక మధ్యాహ్నం క్లింట్‌ను పక్క ఊరి జట్టుకు మార్చేశారు. సాయంత్రానికి మంచం ఖాళీ. అంతకుముందు ఇద్దరూ భోజనాల బల్ల మీద ఉప్పుడబ్బా, మిరియాల డబ్బాలనే ఆటగాళ్ళుగా జరుపుతూ ఆడేవాళ్ళు.

"ఒరేయ్, పాస్ ఇచ్చే ముందు నీ ఎడమ భుజం దిగుతుంది. గుడ్డివాడైనా పట్టేస్తాడు."

"పోరా! తలుపులు తీసుకునేవాడివి, నాకు చెప్పొచ్చావా?"

వెళ్ళాక క్లింట్ ఒక్కసారీ ఫోన్ చేయలేదు. అయినా మార్చిలో అతని జట్టుతో పోటీ అనగానే ఓరెస్ట్ అతని కోసం పెరోగీలు, ఆ ఆలుగడ్డ కూరిన కుడుములు, చేయమని మర్లీన్‌ను బతిమాలాడు.

"వస్తానన్నాడా నాయనా?"

"అడగలేదు. వస్తాడులెండి."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ పోటీలో ఓడినవాళ్ళకు ఆ ఏడు ఆట సరి. చెరి రెండు గోల్స్ మీద ఉండగా మొదటి గోల్‌కీపర్ తొడ పట్టేసి పడిపోయాడు. కోచ్ ఓరెస్ట్ వైపు చూశాడు. కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన పిలుపు. ఈసారి తలుపు తన కోసమే తీసుకుని మంచు మీదికి దిగాడు.

కాసేపటికే క్లింట్ పక్‌తో దూసుకొచ్చాడు. పక్కన అతని జట్టువాడు పాస్ కోసం కాచుకుని ఉన్నాడు. క్లింట్ ఎడమ భుజం దిగింది. ఓరెస్ట్ ఆ పక్కవాడి వైపు జరిగిపోయాడు. క్లింట్ పాస్ ఇవ్వలేదు. ఓరెస్ట్ వదిలి వచ్చిన చోటికే తీరిగ్గా కొట్టాడు.

ఆట ముగిసింది. ఆనవాయితీ ప్రకారం రెండు జట్లూ ఎదురెదురుగా వరుస కట్టి చేతులు కలుపుతున్నాయి. ఓడినందుకు ఓరెస్ట్‌కు ఏడుపు వస్తోంది. కానీ క్లింట్ తన మాట మరిచిపోలేదు, భుజం సంగతి గుర్తుంచుకున్నాడు! ఆ ఒక్క సంగతికే గుండె నిండింది. ఇప్పుడు వాడు ఆగుతాడు, నవ్వుతాడు, కౌగిలించుకుంటాడు. క్లింట్ ఇంకా ఇద్దరి అవతల ఉండగానే ఓరెస్ట్ చేతులు చాచేశాడు.

"భుజం సంగతి నువ్వే కదరా చెప్పావ్," అన్నాడు క్లింట్. గ్లౌజుకు గ్లౌజు తాకించి, తర్వాతివాడి దగ్గరికి జారిపోయాడు.

చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. క్లింట్ వెనక వచ్చినవాడెవరో, ముఖం కూడా తెలియదు, అవి తన కోసమే అనుకుని వచ్చి కౌగిలించుకుని వీపు తట్టాడు.

ఓరెస్ట్ అతన్ని వెంటనే వదల్లేకపోయాడు.