కందిపప్పు కార్డు

బుల్లియ్య గింజలు ఏరే సార్టరు మిషను మూత ఎత్తి అప్పటికే గంటైంది. తణుకు దగ్గర మాధవరాజుగారి రైసు మిల్లులో ఆడిన బియ్యం చివరికి ఈ మిషనులోంచే జారతాయి. కెమెరా ఒక్కో గింజనూ చూస్తుంది. నల్లదో, రంగు మారిందో కనబడితే గాలి ఉఫ్‌మని ఊది పక్క గొట్టంలోకి నెట్టేస్తుంది. పదకొండేళ్ళుగా దాన్ని చూసుకునేది బుల్లియ్యే. యాభై ఆరేళ్ళ మనిషి, బక్కపలచన, చొక్కా నిండా తీగలు అతికే సోల్డరు చుక్కలు కాల్చిన చిల్లులు. ఏం పని చేస్తాడని ఊళ్ళో అడగండి, “మిల్లులో ఏదో చేస్తాడండి” అంటారు. ఆ ఏదో ఏమిటో ఇంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

నిన్న పిడుగు పడి మిషనుకు మెదడులాంటి సర్క్యూట్ కార్డు మాడిపోయింది. తునిలో మూతబడ్డ ఓ మిల్లు నుంచి అదే కంపెనీ కార్డు తెప్పించాడు. ఈ మిషన్లలో సుఖం అదే, పాతది లాగేసి ఇంకోటి అదే గాడిలోకి నెట్టడమే. దీపాలన్నీ వెలిగాయి. బియ్యం వదిలాడు. మంచి బియ్యం మొత్తం ఒక్క గింజ మిగలకుండా చెత్త గొట్టంలోకి పోయాయి.

“నాలుగింటికి కంపెనీవాళ్ళు వస్తారు బుల్లియ్యా,” అన్నారు మాధవరాజుగారు. “అప్పటికి నడవకపోతే కొత్త మిషను పెట్టించేస్తాను. దాన్ని చూసుకోడానికి వాళ్ళ మనిషే వస్తాడు.”

“అలాగేనండి.”

అలాగేనండి అన్నాడు గానీ భయం వేసింది. వాళ్ళ మనిషొస్తే ఇక్కడ తనకేం పని? అయినా భయాన్ని మించిన కుతూహలం ఒకటి అతన్ని నిలవనివ్వడం లేదు. పాడైన కార్డయితే అడ్డదిడ్డంగా ఊదాలి కదా. ఇది చూసి చూసి మరీ ఊదుతోంది. దీనికి బియ్యమంటే ఎందుకింత పగ?

ఎప్పుడో వచ్చిన ఇంజనీరు ఒకాయన అతనికో సంగతి చెప్పాడు. కార్డు మధ్యనున్న పెద్ద చిప్పుకి పుట్టుకతో ఏ పనీ రాదు. కరెంటు రాగానే పక్కనున్న ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పును చదువుకుని, అందులో ఏం రాసుంటే ఆ యంత్రంగా మారుతుంది. కరెంటు పోతే అంతా మర్చిపోతుంది. రోజూ పొద్దున్నే మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకునే ఆ చిప్పంటే బుల్లియ్యకు వల్లమాలిన ముచ్చట.

తునికి ఫోను చేశాడు. “మీది ఏం మిల్లండి?”

“పప్పు మిల్లండి. కందిపప్పు ఆడేవాళ్ళం.”

బుల్లియ్య పరుగున వెళ్ళి మిల్లు ఊడ్చే అచ్చాయమ్మ సరుకుల సంచి పట్టుకున్నాడు. “ఓ గిద్దెడు కందిపప్పు పెట్టమ్మా.”

“ఇక్కడే వండేస్తావా ఏంటన్నయ్యా?” అంటూనే ఆవిడ పొట్లం విప్పింది.

పప్పు మిషనులో పోశాడు. ఒక్క పలుకైనా పక్కకు పోకుండా మంచి గొట్టంలోంచి బంగారంలా దిగింది. వెనకే నిలబడ్డ మాధవరాజుగారికి ఒళ్ళు మండింది.

“బియ్యం మిషనులో పప్పేంటయ్యా, మతిగాని పోయిందా?”

“ఇది బియ్యం మిల్లని దీనికెవరూ చెప్పలేదండి,” అన్నాడు బుల్లియ్య. పాపం, దాని తప్పేముందన్నట్టే అన్నాడు.

మాడిన కార్డులో పెద్ద చిప్పు బొగ్గైంది. బియ్యం సంగతి రాసున్న చిన్నది బతికుంటే బతికుండాలి, అంతే. దాన్ని వేడిగాలితో ఊడదీసి, తుని కార్డులో పప్పు చిప్పు తీసేసి, ఆ చోట కూర్చోబెట్టాడు. ఎనిమిది కాళ్ళు ఒక్కోటీ చూసుకుంటూ అతికించడానికి గంట పట్టింది. మూడున్నరకి స్విచ్చి వేశాడు. తెల్ల గింజలు ఇటు, నల్ల గింజలు అటు.

మాధవరాజుగారు పిడికెడు బియ్యం అరచేతిలో పోసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి ఫోను తీశారు. “రానక్కర్లేదని చెప్పేశాను. నువ్వుండగా నాకు కొత్తదెందుకయ్యా?”

బుల్లియ్య మొహం చాటంత అయింది. ఇంటికెళ్ళే ముందు మళ్ళీ మూత తీసి లోపల ఏదో చేసుకున్నాడు. ఏంటని ఎవరూ అడగలేదు.

భోంచేసి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. గుండె అన్నారు. మిల్లు ఒక పూట ఆపారు.

నెల తిరిగాక కొత్త రకం బియ్యానికి మిషను సరిచేయడానికి కంపెనీ ఇంజనీరు కార్తీక్ వచ్చి మూత తీశాడు. “ఈ చిప్పు ఎవరో చేత్తో అతికించారండి. తీసేసి కొత్తది వేసేస్తాను,” అని, “ఇదేంటండి?” అంటూ పక్కకు జరిగాడు.

మాధవరాజుగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. చిన్న చిప్పు పక్కనే టేపుతో అంటించిన కాగితం ముక్క. “ఇందులో మన బియ్యం ఉన్నాయి. మార్చేముందు నాకొక్క ఫోను చెయ్యండి. బుల్లియ్య,” అని గుండ్రటి అక్షరాలు, కింద పొందిగ్గా పది అంకెలు.