ఎడమ కన్ను వంతు

బాలమల్లు కుడికంటి రెటీనా నడిమధ్యలో, ఎవరో గురిచూసి కాల్చినట్టు, గుండ్రటి మచ్చ ఉంది.

డాక్టర్ శ్రేయ ఎడమ కన్ను చూసింది. అక్కడా అదే చోట, అదే సైజులో మరో మచ్చ. ఇది ఇంకా పచ్చిగా ఉంది.

"ఏమైతుంది కాకా?"

"మొన్నటి సంది మనిషి దిక్కు చూస్తే ముఖం కనవడతలేదమ్మా. నిన్న మా ఇంటామె మెడ మీద గోడ ఉన్నది." బాలమల్లు నవ్వాడు. "ఇరవై తొమ్మిదేండ్ల సంది బొగ్గు బాయిల జేస్తున్న. దుమ్ము కావొచ్చు."

దుమ్ము రెటీనా దాకా పోదు. ముఖాలనూ అక్షరాలనూ పట్టేది కంటి వెనక గుండుసూది తలంత చోటు. అది కాలితే మిగతా రెటీనా చుట్టూ ఉన్నదాన్నే పంపుతుంది. మెదడు దాంతోనే కన్నం పూడ్చేస్తుంది. కాలేటప్పుడు నొప్పి ఉండదు. రెటీనాకు నొప్పి తెలియదు.

సూర్యుణ్ణి చూసి కాలితే రెండు కళ్లూ ఒకేసారి చెడేవి. ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి. పైగా వెలుగు సరిగ్గా ఆ చోటే పడాలంటే మనిషి కదలకుండా దాన్నే చూడాలి. నమ్మినవాళ్లు చూడమంటేనే అలా చూస్తాడు.

"ఒక కన్ను మూసి దేన్నన్న చూస్తున్నవా?"

"కంటి కసరత్తు! కండ్లద్దాలు పోతయని మా అరుణ్ జేపిస్తడు. గా పచ్చ చుక్కను చూడాలె. కుడిది అయింది, గిప్పుడు ఎడమ కన్ను వంతు. అయ్యేదాకా చాయ్ గూడ తాగనియ్యడు."

తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు అరుణ్‌కుమార్ చెయ్యి జేబులోకి పోయింది.

శ్రేయ బల్ల మీది ఫారం చూసింది. మంగళవారం మెడికల్ బోర్డు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుకుకు గనిలో ఉద్యోగం.

"ఎడమ కన్ను ఇంకా నిలవొచ్చు. అది ఏం లైటో నాకు తెల్వాలె. జేబులకెల్లి బయటికి తియ్యి."

వేలంత లేజర్ బల్ల మీదికి వచ్చింది.

"ఏం వెట్టినవ్‌రా?" బాలమల్లు నేరుగా దానివైపే చూశాడు. అందుకే అది ఆయనకు కనపడలేదు.

అరుణ్‌కుమార్ డాక్టర్ వైపు తిరిగాడు.

"నేనే కాల్చిన మేడం. ఒక్క కన్ను పోతే బాయి పైన అల్కటి పని ఇస్తరు, అన్‌ఫిట్ చెయ్యరన్నరు. గీ యేడు దాటితే నా వయసు పనికిరాదు. రోజు అడిగిన, బాపూ నొప్పైతుందా అని. లేదు బిడ్డా అన్నడు. లేదన్నడని ఆపలే."