అస్తరులో దాచిన నోట్లు

ఎంబ్రాయిడరీ మిషన్ మీద వేసిన చెయ్యి కుట్లమ్మ ఇక తియ్యలేదు. బట్టలు కుట్టి కుట్టి అసలు పేరే పోగొట్టుకున్న మనిషి, జన్మలో మొదటిసారి విమానమెక్కి పరాయి దేశం వచ్చింది దీనికోసమే. ఆమె ఊళ్లో దీని ధర రెండింతలు. షాపులో మిగిలింది ఇదొక్కటే. వెనకాల కళ్లజోడావిడ ఒకతె పర్సు తెరిచి పట్టుకుని, ఈవిడ ఎప్పుడు తప్పుకుంటుందా అని నిలబడింది. సాయంత్రమే తిరుగు ప్రయాణం. ఇప్పుడు పోతే పోయినట్టే.

"కార్డివ్వవే మరదలా, ఇంకా ముహూర్తం చూస్తున్నావా?" అంది తోడొచ్చిన వదిన.

కార్డిచ్చింది. పిన్ను నొక్కింది. కార్డు పెట్టే మిషన్ కీచుమంది. షాపావిడ తల అడ్డంగా ఊపింది. మళ్లీ పెట్టారు, మళ్లీ కీచు. కళ్లజోడావిడ ఒకడుగు ముందుకేసింది.

"నిన్న బస్సు టికెట్లకి బంగారంలా పనిచేసిందిగా! నా కార్డులో అంత లేదే!" అంది వదిన.

 మరుక్షణం కుట్లమ్మ చెయ్యి తన కోటు అంచుని తడిమింది. బయల్దేరే ముందు, ఏళ్ల తరబడి ఇంట్లో ఎవరికీ తెలియకుండా దాచిన డబ్బుని ఈ దేశపు నోట్లుగా మార్పించి, కోటు అస్తరులో పెట్టి కుట్టేసింది. అది చూసి వదిన దారి పొడుగునా నవ్వుతూనే ఉంది, ఈ కాలంలో ఇదేం చాదస్తమని. చాదస్తమే. అదీ ఎలా కుట్టిందంటే, దొంగ కాదు కదా తాను కూడా చేత్తో ఊడదీయలేనంత గట్టిగా. కత్తెరేమో బ్యాగులో ఉందని విమానాశ్రయంలో లాగేసుకున్నారు.

కుట్లమ్మ రెండు వేళ్లు తెరిచి మూసి, తెరిచి మూసి చూపించింది. షాపావిడ బెదిరి వెనక్కి జరిగింది. వెంటనే అర్థమై, నవ్వి, బల్ల సొరుగులోంచి కత్తెర తీసింది.

తాను వేసిన కుట్టు తానే విప్పడమంటే కుట్లమ్మకి తల తీసేసినట్టు ఉంటుంది. ఈరోజు తలా లేదు, తోకా లేదు. పర్రున చీరేసింది! నోట్లు బల్లమీద జలజలా రాలాయి. షాపావిడ లెక్కపెట్టింది. ఇంకా కాస్త తక్కువ.

"అత్తర్లు పూసుకోకపోతే చస్తానా ఏంటి!" అని వదిన, షాపింగుకని తెచ్చుకున్న నోట్లన్నీ దానిమీద పడేసింది.

సరిపోయింది! కళ్లజోడావిడ ఉసూరుమంటూ పర్సు మూసుకుంది. వదినా మరదళ్లు ఒకరినొకరు వాటేసుకుని చిన్నపిల్లల్లా గెంతారు. అంతలో కుట్లమ్మ ఫోను మోగింది. ఇంటినుంచి భర్త.

"ఏమేవ్, నువ్వేం కంగారుపడకు! ఎవడో దొంగవెధవ నీ కార్డుతో పెద్ద మొత్తమే కొట్టెయ్యబోయాడు. ఈ ఖర్చు మీదేనా అని బ్యాంకు వాళ్లు నా నంబరుకి మెసేజ్ పెట్టారు. కార్డు గురించి ఎవరేమడిగినా కాదు అనమని వెళ్తూ వెళ్తూ పదిసార్లు చెప్పావు కదా? కాదు అని నొక్కేశా! కార్డు ఆపేశారు. పైసా పోలేదు!"

ఆ గొంతులో గర్వం విని కుట్లమ్మకి ముందు ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆ మనిషి మీద ప్రేమ ముంచుకొచ్చింది. తన మాట ఇంత తు.చ. తప్పకుండా విన్నది పెళ్లయ్యాక ఇదే మొదలు.

"ఆ దొంగ నా చేతికి దొరకాలి, అప్పుడు చెప్తా!" అన్నాడాయన.

ఆమె చిరిగిన కోటు సర్దుకుని, పెట్టెలోకి ఎక్కుతున్న మిషన్‌ని తనివితీరా చూసుకుంది.

"దొరికిందండీ. ఆడదొంగ. రేపు పెద్ద పెట్టెతో మనింటికే వస్తోంది. కిటికీ పక్కన బల్ల ఖాళీ చేసి ఉంచండి."