దగ్గరి పని

ఆ రోజు ఇంట్లో మంచం మీద అత్తగారు, గుమ్మం పక్కన కుర్చీలో భర్త, గోడవారగా చదువుకుంటున్న కూతురు, వంటింట్లో టీ కాస్తున్న ఆమె ఉన్నారు. వాళ్ళు కాక, శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన ఆఫీసరమ్మ.

నూలు మిల్లు మూతపడింది. అందులో చేసినవాళ్ళకి, అప్పటికే చేతనైన పనికి దగ్గరగా ఉండే కొత్త పని నేర్పిస్తారట. మొగుడూ పెళ్ళాలిద్దరూ పక్కపక్క యంత్రాల మీద తెగిన దారాలు అతికినవాళ్ళే. అతనికి సన్నటి కరెంటు తీగలు అతికే పని దగ్గరవుతుందని చెప్పి, మీ ఆవిడకేం వచ్చని అడిగింది ఆఫీసరమ్మ.

ఆమె గ్లాసులతో వచ్చేసరికే అతను జవాబిచ్చేశాడు. "దానికేముందండీ. వంట, ఊడ్చడం."

"నేనూ దారం..." అంది ఆమె.

"టీ చల్లారిపోతోందే," అంది అత్తగారు.

ఆఫీసరమ్మ టీ బాగుందని మెచ్చుకుని వెళ్ళింది. ఆమెకి ఆసుపత్రి ఊడ్చే పని దగ్గరైంది. దారాలు ముడేసిన చేతులకి చీపురు బరువా అని అత్తగారు నవ్వింది. కూతురు నవ్వలేదు.

తీగల తరగతిలో చేరాలంటే ఇంటి దగ్గర ఒక అతుకు వేసి తీసుకెళ్ళి చూపించాలి. అతని వేళ్ళు మొద్దు. తీగలు పాడుచేసి విసిరికొట్టాడు. మిల్లులోనూ అంతే. అతని వైపు దారం తెగితే మేస్త్రీ కంట పడకుండా ఆమే చటుక్కున వంగి అతికేది. మొగుడి పరువు పోతే తనది మాత్రం మిగులుతుందా అనుకునేది. అలా దాచీ దాచీ తన చేతుల్నే లేకుండా చేసుకుందా? ఆ ఆలోచన తెగకముందే విసిరిన తీగ ఆమె చేతిలోకి వచ్చింది. అతుకు వేలికి తగలనంత నునుపుగా కుదిరింది. అతను దాన్ని జేబులో వేసుకుపోయి సీటు తెచ్చుకున్నాడు.

మొదటి రోజే క్యారేజీ మరిచిపోయాడు. ఆమె పట్టుకెళ్ళింది. తరగతిలో మాస్టారు ఆ అతుకునే ఎత్తి అందరికీ చూపిస్తున్నాడు. ఇంకొక్కరికి చోటుందనీ, ఇలాంటి చేయి ఎవరిదైనా ఉంటే ఇప్పుడే చేర్చుకుంటాననీ అంటున్నాడు.

"అది నా చేయేనండీ," అంది ఆమె గుమ్మంలోంచి. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

తలలన్నీ తిరిగాయి. అతను లేచి వచ్చి ఆమె చేతిలోని క్యారేజీ అందుకున్నాడు.

"మా ఆవిడండీ, అన్నం తెచ్చింది," అని లోపలివాళ్ళతో నవ్వుతూ చెప్పి, తలుపు వేశాడు.